అత్త ఎనుముకు చెప్పిన మాట

ఆ రోజుల్లో మా వైపు చలికాలమంటే ఇప్పటిలాగా స్వెట్టరు తొడుక్కొని, టీ తాగుతూ, ఎంత బాగుందో అనుకొనే చలికాలం కాదు. కార్తీకంలో ముసురు పట్టిందంటే వారం, పది రోజులు సూర్యుడు మా తాలూకా వైపు తొంగిచూసేవాడు కాదు. ముసురు వెలిస్తే మంచు, మంచు విడిస్తే మళ్ళీ ముసురు. నంది కొండల వైపు నుంచి తెల్లగా దిగివచ్చే ఆ మంచులో వాకిట్లో కట్టేసిన ఎద్దు కనిపించేది కాదు, దాని మెడలో గంట మాత్రం వినిపించేది. హైస్కూల్లో మా భూగోళం మేష్ట్రు, చలిదేశాల్లో మనుషులు ఇంటికప్పు మీద పడిన మంచును పారలతో కిందికి తోస్తారనీ, తోయకపోతే ఆ బరువుకు ఇల్లు కూలుతుందనీ చెప్పినప్పుడు తరగతి మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆ నవ్వు ఊరికే పోలేదు. సరిగ్గా నాలుగేళ్ళకు, నా ఇరవై ఒకటో ఏట, ఒక మిద్దె మీద, ముక్కు ముందు చెయ్యి కనబడని మంచులో, పార పట్టుకొని, కింద ఇల్లు కూలుతుందేమోనని ఏడుస్తూ నేను నిలబడవలసి వచ్చింది. (నేను తోసింది మంచు కాదు. ఏమిటో చెప్తాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.)

మాది చింతామణి. మా నాయనకు చింతపండు మండీ. ఇంటికి మంగళూరు పెంకులు. పగిలిన పెంకు తీసి కొత్తది పెట్టడం తప్ప ఇంటికప్పుకు మనిషి చెయ్యవలసిన సేవ ఇంకేదైనా ఉంటుందని నాకు తెలియదు. అన్నదమ్ములం ఐదుగురం, అందులో నేను నాలుగోవాణ్ణి. ఎస్సెస్సెల్సీ పాసై ఊరికే కూర్చున్న నన్ను, దిబ్బూరహళ్ళికి రెండు మైళ్ళ అవతల ఒక పల్లెలో, ఒక్కగానొక్క కూతురున్న రైతు ఇంటికి ఇల్లరికం ఇచ్చారు. నన్ను బండెక్కిస్తుంటే మా అమ్మ ఏడ్చింది. మా నాయన కూడా కళ్ళు తుడుచుకొన్నాడు కానీ, ఆ రోజు సాయంత్రానికే నా మంచం ఉండే చోట చింతపండు బస్తాలు వేయించాడని తర్వాత మా తమ్ముడు చెప్పాడు.

అత్తగారింట్లో నాకు జరిగిన మర్యాదను తలచుకొంటే ఇప్పటికీ ఊపిరాడదు. పీట వేస్తారు, చెంబుతో నీళ్ళిస్తారు, రాగిముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు, గడ్డపార ముట్టుకొంటే ఊళ్ళోవాళ్ళు నలుగురు పరిగెత్తుకొచ్చి "అయ్యో, నువ్వేల అల్లుడప్పా, ఇట్ల ఇయ్యి" అని లాక్కొంటారు. నేను ఏమన్నా సరే "అట్లే కానీ అల్లుడప్పా" అంటారు. తప్పు చేస్తే తిట్టేవాడు లేని మనిషికి తాను తప్పు చేస్తున్నట్టు ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే చిత్రం మా అత్త. అల్లుడితో ఎదురుపడి మాట్లాడకూడదని ఆ ఇళ్ళలో పద్ధతి. పెళ్ళయి ఎనిమిది నెలలైనా ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అలాగని చెప్పవలసింది చెప్పకుండా మానేది కాదు. మా ఎనుముకు (మీ వైపు గేదె అంటారు) చెప్పేది. "ఏమే ఎనుమా, బువ్వ ఆరిపోతాండాది, తినేవాళ్ళు యాడికి పోయిరో ఏమో" అని కొట్టంలోంచి వినిపిస్తే నేను లేచి భోజనానికి పోవాలి. "ఏమే ఎనుమా, మంచులో తలగుడ్డ లేకుండా తిరిగితే జలుబు చెయ్యదా?" అంటే తలగుడ్డ చుట్టుకోవాలి. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు. ఆమెకు ఆ ఎనుమంటే వల్లమాలిన ప్రేమ అనీ, మనిషికి కొంచెం మతి తక్కువనీ అనుకొనేవాణ్ణి. తినడానికి ఎప్పుడూ ఆకలేసే పోయాను కాబట్టి నా అజ్ఞానం చాలాకాలం బయటపడలేదు.

ఎనుము తర్వాత మా అత్తకు ప్రాణమంటే పట్టుపురుగులు. ఇంటి వెనక వైపు పెద్ద గది వాటిది. వెదురు తట్టల్లో పురుగులు పెట్టి, బావి పక్కన తోటలోంచి మల్బరీ ఆకు కోసుకొచ్చి రోజుకు నాలుగైదుసార్లు మేపేది. ఆ గదిలోకి చెప్పులతో పోకూడదు, తాలింపు ఘాటు పోకూడదు, తడి ఆకు పోకూడదు, గట్టిగా అరవకూడదు. పురుగులు పొర విడవబోయే ముందు మేత మాని తల ఎత్తి కదలకుండా ఉంటాయి. దాన్ని మావైపు జ్వరమంటారు. నాలుగు జ్వరాలు దాటి, ఆపైన ఒక వారం ఆబగా మేసి, అప్పుడు గూడు కడతాయి. (మొదటిసారి "పురుగులకు రెండో జ్వరం" అని వినగానే నేను సాదలికి పోయి డాక్టరును తెద్దామా అని అడిగాను. "అట్లే కానీ అల్లుడప్పా" అన్నారు.) ఆ ఏడు అప్పటికే రెండు పంటలు పోయాయి. ఎండకు ఒకటి, తెగులుకు ఒకటి. మా మామ మంచివాడే కానీ మాటంటే మాట మనిషి. "మూడో పంట గూడా పోతే తోట పీకేసి రాగులు ఎస్తా. ఇంగ దాని మాట ఎత్తేది లేదు" అని అందరి ముందూ చెప్పేశాడు. మా అత్త ఆ రాత్రి ఎనుముతో కూడా మాట్లాడలేదట. ఆ తోటలో ప్రతి మల్బరీ కట్టె ఆమె చేత్తో నాటినదే.

మూడో పంటకు గుడ్లు తెచ్చిన వారానికే చాకవేలు నుంచి కబురొచ్చింది. అక్కడ మా మామ వాళ్ళ అక్క మొగుడు మంచం పట్టాడు, శెనక్కాయలు పెరికే దిక్కు లేదు, వెంటనే రమ్మని. మామ మూట కట్టుకొని బయలుదేరుతూ నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడప్పా, ఒగటే పని. ముసురు పట్టకముందే మిద్దెకు నాలుగు బండ్లు చౌడు ఎయ్యించల్ల. చెరువెనక ఉండాది. మిద్దె తాతకు చెప్తే ఆయనే సూసుకుంటాడు. కింద పురుగులుండాయి, మరిచిపోవద్దు" అన్నాడు. ఇల్లరికం వచ్చాక నాకు అప్పజెప్పిన మొదటి పని అది. ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మిద్దె తాత అంటే ఊళ్ళో మట్టిమిద్దెలన్నీ చూసుకొనే ముసలాయన. దూలాలు, వాటిమీద దంతెలు, దంతెల మీద కంప, కంప మీద మట్టి, అన్నిటికంటే పైన ఏటేటా పరిచే చౌడు. మిద్దె అంటే అంతే. ఆయన వెంట చెరువు వెనక్కి పోయి ఆ చౌడు చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. తెల్లగా ఉప్పు పేరుకొన్న నేల. గడ్డిపరక లేదు. మేక కూడా ఆ వైపు చూడదు. దేనికీ పనికిరాని ఈ పాడు మట్టిని తీసుకుపోయి ఇంటి నెత్తిన పెట్టడమా? అప్పుడు నా చదువు నాకు గుర్తొచ్చింది. మా కన్నడం పుస్తకంలో నల్లమట్టిని గురించి ఒక పాఠం ఉండేది. నల్లమట్టికి నీటిని పట్టి ఉంచే గుణం అన్ని మట్టులకంటే ఎక్కువ అని పరీక్షలో రాసి నేను పూర్తి మార్కులు తెచ్చుకొన్నాను. నీటిని పట్టి ఉంచుతుంది అంటే ఏమిటి? కిందికి వదలదు అనేగా! కిందికి వదలకపోతే మిద్దె ఎలా కారుతుంది? ఇన్ని వందల ఏళ్ళుగా ఈ పల్లెలో ఒక్కరికీ ఇంత చిన్న విషయం తట్టలేదే అని వాళ్ళమీద జాలి వేసింది.

చౌడు వద్దు, చెరువులోపలి నల్లమన్ను తవ్వించమన్నాను. మిద్దె తాత పార కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు. "ఇది మడికి తోలే మన్ను కదప్పా" అన్నాడు మెల్లిగా. నేను ఆయనకు ఆ పాఠం కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాను. ఆయన తల గోక్కొని, ఆకాశం చూసి, ఆఖరుకు ఆ పల్లె నాకిచ్చిన శాపాన్నే ఇచ్చాడు. "అట్లే కానీ అల్లుడప్పా" అన్నాడు. చెరువులో రెండు బండ్లు నిండాయి. మిగతా రెండు బండ్లకు అంతదూరం ఎందుకని కళ్ళం పక్కన దిబ్బ దగ్గరి మెత్తటి మన్ను ఎత్తించాను. అదైతే నల్లగా నిగనిగలాడుతోంది.

మొదటి బండి వాకిట్లోకి రాగానే కొట్టంలోంచి మా అత్త గొంతు వినిపించింది. "ఏమే ఎనుమా, మిద్దెకు ఎవురన్నా మడిమన్ను ఎస్తారా? కారదా? కింద నా పురుగులు తడవవా?" ఎనుము తల ఊపింది. నేను ముచ్చటగా చూసి, బండి దింపించాను. రెండో బండికి ఆ గొంతు కొంచెం పెరిగింది. మూడో బండికి ఎనుము పేరు పెట్టి ఏడ్చినంత పని చేసింది. పాపం ఈ ఎనుము ఏం చేసిందో అనుకొన్నాను. మా ఆవిడ మాత్రం తలుపు చాటుకు పిలిచి, "మా అమ్మ చౌడే ఎయ్యల్లంటాండాది" అంది. పదిహేడేళ్ళ పిల్ల, నన్ను చూస్తేనే తల వంచుకొనేది. ఆమెకు కూడా పాఠం చెప్పాను. పుస్తకంలో ఉందంటే ఉంటుంది కాబోలని నమ్మింది. (ఆ నమ్మకం ఆమెకు నా మీద అదే మొదటిసారి, అదే ఆఖరుసారి.) సాయంత్రానికి మిద్దె మీద జానెడు మందాన నల్లమన్ను పరిచి, దిమ్మిసతో కొట్టి, నీళ్ళు చల్లి నున్నగా మెత్తించాం. నేను దిగలేక దిగలేక నిచ్చెన దిగాను.

పురుగులకు మూడో జ్వరం విడిచిన రోజున ముసురు పట్టింది. మొదటిరోజు చుక్క కారలేదు. రెండో రోజూ కారలేదు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురి చౌడు మిద్దెలు మూలల్లో కొంచెం కారాయని తెలిసి, నేను గొడుగు వేసుకొని వాళ్ళ ఇళ్ళకు పోయి మరీ పరామర్శించి, నల్లమట్టి గుణం చెప్పి వచ్చాను. వాళ్ళు శ్రద్ధగా విని కాఫీ ఇచ్చారు. నాకు తెలియనిదేమిటంటే, నా మిద్దె కారకపోవడానికి కారణం అది తాగుతూ ఉండటం. రెండు రోజుల వాననూ చక్కగా తాగి కూర్చొంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు. పట్టి ఉంచింది. ఎంత పట్టి ఉంచిందంటే, పక్కింటి మిద్దె తూములోంచి నీళ్ళు ధారగా పోతుంటే నా మిద్దె తూములోంచి బొట్టు కూడా పోలేదు. దాన్ని కూడా నేను గొప్పగానే చెప్పుకొన్నాను.

ఐదో రోజు పొద్దున మంచు కొంచెం పలచబడగానే వాకిట్లో మనుషుల గుంపు కనిపించింది. అందరూ తలలెత్తి మా ఇంటి పైకి చూస్తున్నారు. నేనూ బయటికొచ్చి తల ఎత్తాను. మా మిద్దె పచ్చగా ఉంది. పిట్టగోడ పొడవునా లేతపచ్చటి మొలకలు మంచుబొట్లతో మెరుస్తూ గాలికి ఊగుతున్నాయి. రాగులు, ఉలవలు, మధ్య మధ్య అవిసె, ఒక మూల రెండాకుల సొరపాదు. కళ్ళం పక్కన దిబ్బలో ఏడాది పొడవునా రాలిన గింజలన్నీ నా మిద్దె మీద పండుగ చేసుకొంటున్నాయి. ఎవరూ నవ్వలేదు. అల్లుణ్ణి చూసి నవ్వకూడదు కదా. ఒకాయన మాత్రం చాలా మర్యాదగా, "కలుపు ఎప్పుడు తీయిస్తావు అల్లుడప్పా? మా ఆడోళ్ళు ఖాళీగానే ఉండారు" అన్నాడు. ఇంకొకాయన, "రాగి బాగా వచ్చిండాది, గుంటక తోలల్లంటే ఎద్దుల్ని ఎక్కించేదే కష్టం" అని నిజంగానే విచారించాడు. మధ్యాహ్నానికి పక్కింటి మేకలు గడ్డివామి మీదుగా మా మిద్దెక్కాయి. ఆ వారం సాదలి సంతకు పోయినవాళ్ళు ఈ కబురు మోసుకెళ్ళారట. తర్వాత చాలా ఏళ్ళు ఆ చుట్టుపక్కల నన్ను "మిద్దె రైతు" అంటేనే గుర్తుపట్టేవాళ్ళు.

నవ్వులాట అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. నాలుగో జ్వరం విడిచిన పురుగులు చిటికెన వేలంత లావై మేత మీద పడ్డాయి. నలభై తట్టల పురుగులు ఒక్కసారి ఆకు కొరుకుతుంటే సన్నటి వాన పడుతున్నట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు వింటే మా అత్త ముఖం విప్పారేది. ఏడో రోజు పొద్దున నేను ఆ గది వాకిలి దగ్గర నిలబడి, ఈరోజు మరీ బాగా మేస్తున్నాయే అనుకొన్నాను. మా అత్త లోపలికి వచ్చి ఒక్క నిమిషం చెవి ఒగ్గి, ముఖం తెల్లబోయి, పరుగున పోయి మూలతట్టలో చెయ్యి పెట్టింది. చెయ్యి తడిగా వచ్చింది. నేను విన్న చప్పుడులో సగం మేత కాదు, కారుతున్న మిద్దె.

ఆ తర్వాత ఇంట్లో గిన్నె మిగల్లేదు. బిందెలు, సట్లు, చెంబులు, పెళ్ళికి నాకు పెట్టిన వెండి గ్లాసు, అన్నీ చినుకుల కింద పెట్టాం. తట్టలు ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు మోశాం. ఎక్కడికి మోస్తే అక్కడికి చినుకు వచ్చేది. గది వెచ్చగా ఉండాలని పెట్టిన బొగ్గుల కుంపట్లో కూడా చినుకు పడి చుయ్యిమనేది. పైన దంతెలు కిర్రుమన్నాయి. తాగిన నీళ్ళతో నా నల్లమన్ను ఎన్ని బండ్ల బరువయిందో! మా అత్త ఎనుము దగ్గరికి పోలేదు. పురుగుల్ని తన చీరకొంగుతో ఒత్తి ఒత్తి తుడుస్తూ కూర్చొంది. నా జీవితంలో నేను చూడలేక తల తిప్పుకొన్న దృశ్యం అది. ఎవరైనా ఒక తిట్టు తిడితే బాగుండునని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. "కాఫీ తాగుతారా?" అని అడిగింది మా ఆవిడ కళ్ళు తుడుచుకొంటూ.

నేను పార తీసుకొని మిద్దెక్కాను. వేసిన మన్ను నేనే తీసేస్తే బరువు తగ్గుతుందని లెక్క. ఇదిగో, మొదట్లో చెప్పిన చోటు ఇదే. మంచు ఎంత దట్టంగా ఉందంటే పార కొసన ఏముందో కనిపించదు. చలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. పిక్కల దాకా బురద, బురదలో రాగిపైరు. ఏడుస్తూ, రాగిపైరును పారతో పెళ్ళగించి వాకిట్లోకి తోస్తూ, ఆ భూగోళం మేష్ట్రును, కన్నడం పుస్తకాన్ని, ఎస్సెస్సెల్సీని, నాకు మార్కులు వేసిన మహానుభావుణ్ణి తిట్టుకొంటూ పోయాను. తడిసిన నల్లమన్ను ఊరికే రాలేదు. తనకింద ఏళ్ళ తరబడి పేరుకొన్న పాత చౌడును కూడా పట్టుకొని పెళ్ళలు పెళ్ళలుగా లేచి వచ్చింది. అది నేను గమనించలేదు. ఇంకో పార వేశాను. నా కుడికాలు కింద నేల లేదు.

తొడ దాకా దిగబడ్డాను. పైన నేను, కింద పురుగుల గదిలో నా కాలు. కింద ఏదో తట్ట తలకిందులైన చప్పుడు, మా ఆవిడ కేక. ఆ వెంటనే, ఎనిమిది నెలల్లో నా వైపు ఎన్నడూ తిరగని ఒక గొంతు లేచింది.

"ఒరేయ్! కదలద్దురా! కదిల్తే నడుం దాకా దిగతావు! ఆ పార అట్ల పారెయ్! ముందుకు బోర్లా పడుకో! చెయ్యి సాపి దూలం పట్టుకోరా, దూలం!"

నేను చెప్పినట్టల్లా చేశాను. అంత బుద్ధిగా నేను మా నాయన మాట కూడా ఎన్నడూ వినలేదు. అంతలో నిచ్చెన మీద మంచులోంచి గోనెసంచి కప్పుకొన్న తల ఒకటి పైకొచ్చింది. ఒక చెయ్యి నా చొక్కా పట్టుకొంది. మా అత్తే. కేక విని పరిగెత్తుకొచ్చిన మిద్దె తాత వెనకనుంచి ఇంకో చెయ్యి పట్టాడు. ఇద్దరూ నన్ను బురదలోంచి పెళ్ళగించి, నిచ్చెన దింపి, వాకిట్లో నిలబెట్టారు. అప్పుడు మా అత్త నా ముఖంలోకి నేరుగా చూసింది.

"మనిషివా, ఎద్దువా? మిద్దెకు మడిమన్ను ఎవురన్నా ఎస్తారంట్రా? చౌడు నీళ్ళు తాగదు. నీళ్ళు తాగనిదే ఇంటి మింద ఉండల్ల. మొన్న బండి వచ్చినప్పటి నుంచీ మొత్తుకుంటాండానే, నీకు చెవుల్లేవా?"

"నువ్వు ఎనుముకు చెప్తాండావనుకుంటి అత్తా" అన్నాను.

ఆమె కొట్టం వైపు చూసింది. ఎనుము మెల్లగా నెమరు వేస్తోంది. మా అత్తకు నవ్వొచ్చింది. ఆపుకోలేక గోనెసంచి నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. నవ్వుతూ నవ్వుతూనే వాకిట్లో బురదలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ పక్కన కూర్చొని ఏడ్చాను. చుట్టూ నా రాగిపైరు.

మా పల్లెల్లో ప్రతి ఇంటి కొట్టంలో ఒక మూల ఎండు చౌడు కుప్ప ఉంటుంది. ముసురులో ఎవరి మిద్దె కారినా పిలవకుండానే ఇంటికొక గంప తెచ్చి పోస్తారు. ఆ రోజు కూడా తెచ్చారు. నేను పరామర్శించి పాఠం చెప్పి వచ్చిన ఇళ్ళవాళ్ళే ముందు తెచ్చారు. బొక్క మీద తడికె వేసి, జొన్నదంట్లు పరిచి, దానిమీద చౌడు పోసి తొక్కారు. ఆ తెల్లటి పనికిరాని మట్టి, నీళ్ళు తగలగానే ముద్దలా మూసుకొని, వాన నీళ్ళను తూములోకి సాగనంపింది. సాయంత్రానికి కారడం ఆగింది. కానీ పురుగులకు చలి, తడి అప్పటికే తగిలిపోయాయి. సున్నపుకట్టు తెగులు పట్టింది. రెండు మూడు రోజుల్లో పురుగులు ఒక్కొక్కటే తెల్లగా బిగుసుకుపోయి, బడిలో మేష్ట్రు చేతి సుద్దముక్కల్లా రాలాయి. వాటిని గంపలకెత్తి గుంటలో పూడ్చింది నేను, మా అత్త. నలభై తట్టల్లో మూడు మిగిలాయి.

పదిరోజులకు మా మామ చాకవేలు నుంచి వచ్చాడు. దారిలో బాగేపల్లిలో బస్సు మారుతుంటేనే ఎవరో, "మీ మిద్దె మింద రాగులు కోతకొచ్చినాయా?" అని అడిగారట. వచ్చి మిద్దె చూశాడు, గుంట చూశాడు, గడ్డపార తీసుకొని తోట వైపు నడిచాడు. తప్పు నాది మామా అని చెప్పాలని వెంటపడ్డాను. నాకంటే ముందు మా అత్త పోయి మొదటి సాలులో, చెట్లకు అడ్డంగా నిలబడింది.

"తోటదేం తప్పు లేదు, పురుగులదేం తప్పు లేదు" అంది. "తప్పు నాది. వానికి చెప్పాల్సిన మాట పోయి ఎనుముకు చెప్తిని."

మామ ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. అన్నమాట వెనక్కి తీసుకొనే అలవాటు ఆయనకు లేదు. ఆఖరుకు సగం తోట పీకేశాడు. పీకుతుంటే ఒక్కొక్క కట్టె పెరికిన చప్పుడు నాకు వీపు మీద తగిలింది. మా అత్త అటు చూడలేదు. బావి వైపు సగం మిగిలింది. ఆ సగంతోనే ఆమె తర్వాత ఇరవై ఏళ్ళు పురుగులు మేపింది. మిగిలిన మూడు తట్టలు గూళ్ళు కట్టిన రోజున ఒక గూడు తీసి నా అరచేతిలో పెట్టి, "నలగ్గొట్టద్దురా, మెల్లిగా పట్టుకో" అంది. నేను వాకిట్లోకి తోసిన నల్లమన్ను కుప్ప మీద ఆ సొరపాదు మాత్రం దర్జాగా పెరిగింది. శివరాత్రి దాకా కాసింది. వారానికి రెండుసార్లు నాకు సొరకాయ కూర వడ్డించేవారు. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నేనూ ఏమీ అనకుండా తినేవాణ్ణి.

ఆ తర్వాత ప్రతి ఏడూ మిద్దెకు చౌడు నేనే వేశాను. నేను పైన, మా అత్త కింద. "ఒరేయ్, ఆ మూల పలసగా ఉండాది సూడు." "ఒరేయ్, తూము కాడ గట్టిగా తొక్కు." "ఒరేయ్, ఇంగ చాలు, దిగి రా, మంచు పడతాండాది." వినేవాళ్ళు నివ్వెరపోయేవారు. అల్లుణ్ణి పట్టుకొని ఒరేయ్ అంటుందేమి ఈమె అని. నాకు మాత్రం ఆ పిలుపుతోనే ఆ ఇల్లు నా ఇల్లయింది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నాకే ఎనభై దగ్గరపడుతోంది. ఊళ్ళో అందరూ నన్ను పెద్దాయనా అంటారు, కూర్చోమంటారు, ఏమన్నా సరే అట్లే కానీ అంటారు. ఒరేయ్ అని పిలిచేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

మట్టిమిద్దె తీసేసి సిమెంటు మిద్దె వేసి కూడా చాలాకాలమయింది. అది కారదు, మొలవదు, దాన్ని గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. అయినా కార్తీకంలో మొదటి మంచు దిగగానే నేను చెరువు వెనక్కి పోయి, మోకాళ్ళు మొరాయిస్తున్నా ఒక గంపెడు చౌడు తెచ్చి వసారా మూలలో పోస్తాను. "ఈ సిమెంటు మిద్దెకు చౌడెందుకు చెప్పండి? ఊడ్సలేక సస్తాండా" అని ప్రతి ఏడూ మా ఆవిడ అడుగుతుంది. ఆమెకు నేరుగా జవాబు చెప్పడానికి నాకెందుకో నోరు రాదు. ఇప్పుడు ఎనుము కూడా లేదు. అందుకని వసారాలో నిలబెట్టిన స్కూటరు వైపు తిరిగి, "ఉండనీలే, ఎప్పుడన్నా కావాల్సొస్తాది" అని దానితో చెప్తాను.